చేతొడుగుల కాలం

యాకూత్స్క్,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం

అకులీనా అక్కకి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆవుల కొట్టంలోకి వెళ్ళే దానికి సింగారం ఎందుకే అని అడిగావు కదా. ఏడు నెలలు చలికాలం నెత్తిన పెట్టుకుని, చలికాలంలో అందంగా ఉండకపోతే ఇంకెప్పుడు ఉంటామమ్మా? వేసవిలోనా? వేసవి మనది కాదు, దోమలది.

ఇక్కడ పొగమంచు దిగిపోయింది. బస్సు స్టాపులో పక్కన నిలబడ్డ మనిషి మొహం కనపడదు, టోపీ, కాలరు మాత్రం కనపడతాయి. అందుకే మా కార్ఖానాలో ఆడవాళ్ళకి చెప్తుంటాను, ఈ ఊళ్ళో ఏడు నెలలు మనిషంటే కాలరే అని. వాళ్ళు నవ్వుతారు. నవ్వినా వింటారు. ఇరవై ఏళ్ళుగా కోట్లు కుడుతున్న దాన్ని, వినక ఏం చేస్తారు.

నీ బూడిదరంగు శాలువా సంగతి. బంగాళాదుంపల మూట కట్టినట్టు కట్టుకోకు. ఒక కొస గడ్డం కిందనుంచి తెచ్చి ఎడమ భుజం మీదుగా వెనక్కి వెయ్యి. నుదుటి మీద రెండు వెంట్రుకలు కనపడనీ, వాటి మీద మంచు పడితే ఇంకా బాగుంటుంది. ఇంట్లోకి రాగానే ఆ కొట్టం గౌను విప్పేసి శుభ్రమైనది వేసుకో. దీపానికి పల్చటి నారింజరంగు గుడ్డ కట్టు. నేను కట్టాను. మూడింటికే చీకటి పడిపోతోంది కదా, ఆ గుడ్డ కట్టాక గది మొహం మారిపోయింది. కిటికీలో ఎర్రపూల కుండీ పెట్టాను. గాజుకి లోపలివైపు వేలి మందం మంచు పేరుకుంది, దాని ముందు ఆ ఎరుపు చూస్తుంటే పనికి వెళ్ళాలనిపిస్తుంది.

కొత్త కోటు ఒకటి కత్తిరించాను, చూస్తే నువ్వు కూడా నోరు మూసుకుంటావు. మన గుర్రాలు గాలి వచ్చినప్పుడు వీపు దానికి పెట్టి నిలబడతాయి చూడు. చిన్నప్పటినుంచి చూస్తున్నా ఎప్పుడూ తట్టలేదు. మొన్న పొద్దున తట్టింది. ముందువైపు తేలిగ్గా, నడుము దగ్గర నొక్కి, వీపు మాత్రం రెండు వరసలు. కాలరు ముక్కు దాకా లేస్తుంది. వచ్చే నెల నది అవతల ఊళ్ళలో ప్రదర్శన పెడుతున్నాం. కోట్లు వేసుకుని నడిచేది మా కార్ఖానా ఆడవాళ్ళే. నా కోటు నస్తాయాకి ఇచ్చాను. నా పక్క మిషను మీద కుడుతుంది, మీ పక్క పల్లె మనిషే. ఎత్తుగా ఉంటుంది, నడక బాగుంటుంది, నోరు కొంచెం ఎక్కువ.

విమానంలో మూట పంపుతున్నాను. అందులో ఎర్ర సాటిను గుడ్డ ఉంది, నీ కోటుకి లోపలి గుడ్డగా వేయించుకో. బయటికి కనపడదు కదా అనకు. నీకు తెలుస్తుంది, అది చాలు.

తెరెంతీ బావని అడిగానని చెప్పు. ఆయన ఏమీ అనడని తెలుసు, అయినా చెప్పు.

నీ ఉలియానా


బుల్గునాహ్ పల్లె,
డిసెంబరు, పాలు పితికాక

ఒసే ఉలియా,

నీ మూట వారం రోజులు విమానాశ్రయంలో పడుకుంది. చలి మైనస్ యాభై మూడు దాటాక విమానం లేవలేదు. ఉత్తరం మాత్రం ఎవరో ట్రక్కు డ్రైవరు జేబులో వచ్చింది, సగం డీజిలు వాసన.

నువ్వు చెప్పినట్టే శాలువా కట్టుకుని కొట్టంలోకి వెళ్ళాను. ఆవు వెనక్కి తిరిగి చూసింది, పాలు చేపలేదు. మళ్ళీ మూటలాగా కట్టుకుని వస్తే అప్పుడు చేపింది. పొయ్యి దగ్గరికి వస్తే మీ బావ తలెత్తి, ఎక్కడికన్నా ఊరెళ్తున్నావా అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగిన రెండో ప్రశ్న అనుకుంటా. మొదటిది పెళ్ళి చేసుకుంటావా అని.

ఎర్ర గుడ్డ బాగుంది. పెట్టెలో పెట్టాను. నేను సూది పట్టనని నీకు తెలుసు, కుట్టించుకోవడానికి ఇక్కడ ఎవరున్నారు. అప్పుడప్పుడు మూత తీసి చూస్తున్నాను. దీపానికి గుడ్డ కూడా కట్టాను. పొగ వాసన వేసింది, తీసేశాను.

ఇక్కడ కబుర్లు ఏముంటాయి. చెరువు నుంచి మంచుగడ్డలు కోసి తెచ్చి వాకిట్లో పేర్చాం, వేసవి దాకా తాగడానికి సరిపోతాయి. పాలు గిన్నెల్లో పోసి బయట పెడితే బిళ్ళలు బిళ్ళలుగా గడ్డకడుతున్నాయి. పక్కింటి ముసలాయన పోయాడు. గొయ్యి తవ్వడానికి నేల కరగాలని రెండు రోజులు మంట వేశారు, ఆ పొగ మా కిటికీకి పట్టేసింది. ఎంత తుడిచినా పోవడంలేదు. చలికాలం అందం అంటావు నువ్వు. నాకు ఈ సారి ఎందుకో పొద్దున లేవబుద్ధి కావడంలేదు. నీ ఉత్తరం చదివితే కాసేపు బాగుంటుంది. అందుకే రాస్తుండు, ఆ కాలర్ల గోల అయినా సరే.

గడ్డకట్టిన నది మీద దారి ఇంకా కొత్తది, బస్సులో వెళ్ళేటప్పుడు జాగ్రత్త.

అక్క


యాకూత్స్క్,
జనవరి

అక్కా,

రాత చూసి కంగారు పడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతికి కొంచెం చలి దెబ్బ తగిలింది, కట్టు కట్టారు.

ప్రదర్శన బాగా జరిగింది. నా కోటు చూసి జనం లేచి నిలబడ్డారు. తిరిగి వచ్చేటప్పుడు నది మీద బస్సు చెడిపోయింది. టైరు కాల్చుకుని చుట్టూ కూచున్నాం. సాయంత్రానికి ట్రక్కు వచ్చి ఎక్కించుకుంది. అందరూ బాగానే ఉన్నారు.

ఇంకేం లేదు. నీ శాలువా కథ నస్తాయాకి చదివి వినిపించాను, బాగా నవ్వింది.

ఉలియా


బుల్గునాహ్,
జనవరి, అదే వారం

ఉలియా,

కొంచెం అంటే ఎంత? నీ ఉత్తరంలో ఆ ఒక్క మాట చాలాసార్లు చదివాను. కోటు గురించి రాయమంటే రెండు పేజీలు రాసే దానివి, చేతి గురించి ఒక్క ముక్కా?

నేను ఇక్కడే పుట్టి ఇక్కడే ఉన్నదాన్ని. చలి దెబ్బ అంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. తెల్లబడితే ఒక సంగతి, నల్లబడితే ఇంకో సంగతి. ఏ రంగు? ఎన్ని వేళ్ళు? డాక్టరు ఏమన్నాడు? పైగా నీ చేతికి కావలసిన బొచ్చు చేతొడుగులు మనింట్లో ఎప్పుడూ రెండు జతలు ఉంటాయి, వేళ్ళన్నీ ఒకే సంచిలో కలిసి వెచ్చగా ఉండేవి. నువ్వు వాటిని వేసుకోకుండా ఎలా ఉంటావు? నువ్వేం పసిపిల్లవా?

నిన్న అట్టు ఒకటి చేసి పొయ్యిలో మంటకి నైవేద్యం పెట్టాను, నీ పేరు చెప్పి. మంట చిటపటలాడింది. మీ బావ అది మంచి శకునమే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. రాత్రంతా నాకు నా వేళ్ళే చల్లగా అనిపించాయి.

దాచకుండా రాయి. దాస్తే నేను ఇక్కడ ఇంకా పెద్దది ఊహించుకుంటాను. ఆవుల్ని వదిలి రాలేనని నీకు తెలుసు, అందుకే దాస్తున్నావా?

అక్క


యాకూత్స్క్,
జనవరి చివర

అక్కా,

సరే విను. కుడిచేతికి చూపుడువేలు, నడివేలు లేవు. బొటనవేలు పై కణుపు లేదు. ఇంకో రెండు ఉన్నాయి, అవి కుట్టుపనికి ఎప్పుడూ పనికిరానివే. సూది పట్టుకునేవి ఏవో అవే పోయాయి, ఏరి ఏరి తీసుకున్నట్టు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి వారం దాటింది. నొప్పి లేదు. లేని వేళ్ళు రాత్రిళ్ళు దురద పెడతాయి, అంతే.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. ఇంటినుంచి బయటికి వస్తే నాకు హాయిగా ఉంది. బొచ్చు చేతొడుగు వేసుకుంటే నా చెయ్యి అందరి చెయ్యిలాగే ఉంది. రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడితే ఎవరికీ తెలియదు. పొగమంచులో పోతున్న ఆడవాళ్ళందరూ నాలాంటివాళ్ళే, అందరి చేతులూ గుండ్రంగా, వేళ్ళు లేకుండా. ముందువైపు తెల్ల నక్కబొచ్చు కుట్టిన జత ఒకటి ఉంది నా దగ్గర, పోయినేడు నేనే కుట్టాను. ఎదురొచ్చిన ఒకావిడ ఎక్కడ కొన్నారు అని అడిగింది. చెప్పాను. చాలా మామూలుగా చెప్పాను.

దుకాణం లోపల తియ్యాల్సి వస్తుంది. అందుకని డబ్బు ఎడమచేత్తో ముందే తీసి పట్టుకుంటున్నాను. ఇంట్లో కూడా తియ్యడంలేదు. అద్దం ముందు నుంచి వెళ్ళేటప్పుడు అది ఉంటే చాలు, నేను నాలాగే కనిపిస్తాను.

ఊళ్ళో అందరూ ఎండ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. రోజూ పొద్దు కొంచెం కొంచెం పెరుగుతోందట, పక్కింటావిడ సంబరంగా చెప్పింది. నేను నెలలు లెక్కపెట్టాను. ఏప్రిలు వస్తే చేతొడుగులు తీసేస్తారు కదా అందరూ. మే నెలలో నేనొక్కదాన్నే వేసుకుని తిరుగుతానా? ఈ చలికాలం ఇలాగే ఉండిపోతే బాగుణ్ణని దండం పెట్టుకుంటున్నాను. ఇంత వెర్రి కోరిక ఈ ఊళ్ళో ఇంకెవరికీ ఉండదు.

కుండీలో ఎర్రపూల మొక్క చలికి పోయింది. ఆసుపత్రిలో ఉండగా కిటికీ పక్కనుంచి తియ్యడానికి ఎవరూ లేరు.

ఎలా జరిగిందని అడగకు.

ఉలియా


బుల్గునాహ్,
ఫిబ్రవరి

నా తల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి ఆవు మెడ మీద తల పెట్టి ఏడ్చాను. ఇంట్లో ఏడిస్తే మీ బావ భయపడతాడు. ఆయన మధ్యాహ్నమంతా అవసరంలేని కట్టెలు కొట్టాడు. రాత్రి అన్నం ముందు కూచుని, మీ చెల్లెల్ని ఇక్కడికి రమ్మను అన్నాడు. అంత పొడుగు మాట ఆయన మాట్లాడితే అది పెద్ద మాటే. రమ్మంటే నువ్వు రావు, నాకు తెలుసు. అందుకే వేరే మాట రాస్తున్నాను.

పొద్దున్నే తల దువ్వుకుంటున్నావా? నిజం చెప్పు. నువ్వు దువ్వుకోవడంలేదు. నీ ఉత్తరంలో చేతొడుగు గురించి రాశావు, నక్కబొచ్చు గురించి రాశావు, ఒంటి మీద ఏముందో రాయలేదు. నీకు పదహారో ఏట జ్వరమొచ్చినప్పుడు కూడా జడకి రిబ్బను అడిగావు. అలాంటిదానివి రాయలేదంటే నాకు గుండె జారిపోయింది.

కనక ఇప్పుడు నేను చెప్తాను, నువ్వు విను. ఎడమచేత్తో దువ్వుకో, వంకరగా వచ్చినా సరే. నీలం రాళ్ళ జూకాలు పెట్టుకో, బయటికి వెళ్ళేటప్పుడు తీసెయ్యి, లోహం చెవికి అంటుకుంటుంది. నలిగిన గౌనుతో టీ తాగకు. దీపానికి ఆ నారింజ గుడ్డ ఉందా, తీసేశావా? ఉంటే వెలిగించు. నేను కూడా కట్టాను మళ్ళీ. ఈ సారి దూరంగా కట్టాను, పొగ రాలేదు. గది నిజంగానే బాగుంది. మీ బావ దాని కింద కూచుని వల అల్లుతున్నాడు, మొహం ఎర్రగా కనిపిస్తోంది, పడుచువాడయ్యాడని వేళాకోళం చేశాను.

శాలువా నువ్వు చెప్పినట్టే కట్టుకుంటున్నాను రోజూ. ఆవు అలవాటు పడింది. ఊళ్ళోవాళ్ళు నవ్వుతున్నారు, అకులీనాకి ఈ వయసులో ఏం పుట్టిందని. నవ్వనీ. నేను మానేస్తే అక్కడ నువ్వు మానేస్తావని ఒక పిచ్చి నమ్మకం పట్టుకుంది నన్ను. మైనస్ యాభై డిగ్రీల్లో నుదుటి మీద రెండు వెంట్రుకలు బయటపెట్టుకుని పేడ ఎత్తుతున్నాను నీ కోసం. అది గుర్తుపెట్టుకో.

కార్ఖానాకి ఒక్కసారి వెళ్ళి కూచుని రా. పని చెయ్యక్కర్లేదు.

అక్క


యాకూత్స్క్,
ఫిబ్రవరి చివర

అకులీనా అక్కకి,

నీ సలహాలు అందాయి. జూకాలు పెట్టుకోమన్నావు. వాటి కొక్కెం పెట్టాలంటే రెండు చేతులూ కావాలి, ఆ సంగతి నీకు తట్టలేదు. గౌను బొత్తాలు కూడా అంతే. అందుకే ఒకటే ఉన్ని గౌను వేసుకుంటున్నాను, తల మీదనుంచి దూర్చేది. నిన్న దాని మీద టీ ఒలికింది. మార్చలేదు. ఎవరు చూస్తారు?

దీపం వెలిగించడంలేదు. చీకట్లోనే బాగుంది.

కార్ఖానాకి వెళ్ళాను, నువ్వు చెప్పావని. చేతొడుగు తియ్యకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాను. నా మిషను మీద వేరే పిల్ల కూచుంది. నా కోటు, గుర్రం వీపు కోటు, వరసగా ఎన్నో వేలాడుతున్నాయి. కాలరు తప్పుగా తిప్పారు. ఎవరో తొందరలో కుట్టారు, అంచు అలలు తిరిగింది. నేను నోరు తెరవలేదు. చెప్తే, చేసి చూపించమంటారు. మా పెద్దావిడ నన్ను పక్కకి పిలిచి, నాటకశాలలో వచ్చినవాళ్ళ కోట్లు తీసుకుని నంబరు బిళ్ళలు ఇచ్చే పని ఖాళీగా ఉంది, మాట్లాడి పెట్టాను అంది. మంచి మనసుతోనే అంది. నేను కుట్టిన కోట్లు ఇంకొకళ్ళ ఒంటి మీదనుంచి తీసి కొక్కేనికి తగిలించడం నా పని ఇక. ఆ బిళ్ళలు ఇత్తడివి, చేతొడుగుతో పట్టుకోలేం. ఆలోచిస్తానని వచ్చేశాను. ఆలోచించేది ఏమీ లేదు.

నీకు కోపం రావచ్చు, అయినా రాస్తున్నాను. నాకు నేర్పకు అక్కా. నువ్వు బతుకులో ఒక్క కుట్టు తిన్నగా వెయ్యలేదు. సూది విసిరికొట్టి వెళ్ళిపోయిన దానివి. అందం అంటే ఏమిటో, అది పోతే ఏమవుతుందో నీకేం తెలుసు?

ఎండ కిటికీ మీదికి వస్తోంది మధ్యాహ్నాలు. గాజు మీద మంచు అంచుల్లో కరుగుతోంది. పరదా వేసేశాను.

ఉలియానా


బుల్గునాహ్,
మార్చి

ఉలియానా,

నీ ఉత్తరం చదివి వారం రోజులు జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. ఇంతలో నిన్న ఒక మనిషి మా ఇంటికి వచ్చింది. నస్తాయా. సెలవు పెట్టి అమ్మానాన్నల్ని చూడ్డానికి వచ్చిందట, అక్కడినుంచి మంచులో స్లెడ్జిబండి మీద మా పల్లెకి వచ్చింది, నన్ను చూడాలని. ఎత్తుగానే ఉంది. నోరు ఎక్కువ అన్నావు. నిన్న మాత్రం ఒక్కో మాటా నేల చూసుకుంటూ చెప్పింది.

ఎలా జరిగిందని అడగకన్నావు. నేను అడగలేదు. తనే చెప్పింది.

బస్సు ఆగాక మగవాళ్ళు టైరు కాల్చడానికి దిగారట. తను దిగుతుంటే బూటు మెట్టుకి తగులుకుని అరికాలి దగ్గర కుట్టు విడిపోయిందట, జింకతోలు బూటు, వేలు బయటికి కనపడేంత. ఆ చలిలో అది ఎంత సంగతో ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. నువ్వు చూశావు. నీ టోపీలో ఎప్పుడూ సూది, జింక నరంతో పేనిన దారం ఉంటాయి కదా. చేతొడుగులు తీసేసి మంచు మీద మోకాళ్ళ మీద కూచుని కుట్టేశావు. అంతవరకూ నేను నీకు దండం పెడతాను. ఆ పని నేను కూడా చేస్తాను, ఎలా వస్తే అలా.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పింది. కుట్టు పడింది, గట్టిగా ఉంది, గాలి దూరడంలేదు, చాలక్కా చేతొడుగులు వేసుకో అని తను అంది. నువ్వు వంగి చూశావట. వంకరగా వచ్చింది, ఇలా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు అన్నావట. విప్పేశావట. మొత్తం విప్పేసి మళ్ళీ మొదటినుంచి కుట్టావట, ఒట్టిచేతుల్తో, ఆ గాలిలో. రెండోసారి అయ్యేసరికి నీ వేళ్ళకి సూది తెలియడంలేదు, చూసి చూసి గుచ్చావు అని చెప్తూ తను ఏడ్చింది. ఈ మాట నీ ముందు అనడానికి ధైర్యం లేక మూడు నెలలు మింగుకుంది. తన వల్లే అయిందని దాని బాధ. నీ వల్ల కాదే అని చెప్పి టీ పోశాను.

తను వెళ్ళేముందు ఆ బూటు విప్పమన్నాను. చేతిలోకి తీసుకుని చూశాను. ఎంత తిన్నగా ఉందో ఉలియా. గీత గీసినట్టుంది. అంత అందమైన కుట్టు నేను ఎక్కడా చూడలేదు. అది చూస్తే నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పొయ్యిలో పడేద్దామనుకున్నాను. నది మధ్యలో, బస్సు పక్కన, అరికాలి కింద ఉండే కుట్టుని ఎవరు చూస్తారే? ఎవరు చూస్తారని?

ఎవరో నాకు తెలుసు. అమ్మ. నేను సూది విసిరికొట్టి వెళ్ళిపోయానన్నావు. నిజమే. ఎనిమిదేళ్ళప్పుడు ఒకే అంచు విప్పించి, విప్పించి కుట్టించింది. వేళ్ళు చిట్లి రక్తం వచ్చినా మళ్ళీ విప్పమంది. నేను విసిరికొట్టి కొట్టంలోకి పోయాను, అప్పటినుంచి ఆవులతోనే ఉన్నాను. నువ్వు ఉండిపోయావు. అమ్మ పోయి ఎన్నేళ్ళయింది. నువ్వు ఇంకా ఆవిడ పక్కన కూచునే ఉన్నావు, ప్రతి కుట్టూ చూపించి బాగుందా అని అడుగుతూ.

అందం అంటే నాకేం తెలుసన్నావు. నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అది లేకపోతే నువ్వు ఉండలేవని మాత్రం తెలుసు. కాని నీ కంటికి అది తిన్నగా ఉండేదొక్కటే. వంకరగా ఉంటే అసలు లేనట్టే. నీ చెయ్యి ఇప్పుడు వంకర కుట్టు. ఉలియా, దాన్ని విప్పి మళ్ళీ కుట్టలేవు. అందుకని దాన్ని సంచిలో దాచి, చీకట్లో కూచుని, ఎండ రావద్దని దండం పెట్టుకుంటున్నావు. ఎండ వస్తుంది. నీ దండాలకి ఆగదు. మా కప్పు మీద మంచు జారడం మొదలైంది.

నేను నీ మీద చాలా కోపంగా ఉన్నాను. నిన్ను కొట్టాలని ఉంది, పక్కన కూచోబెట్టుకుని తల దువ్వాలని కూడా ఉంది. రెండూ ఇక్కడినుంచి చెయ్యలేను.

ఆ నాటకశాల పని ఒప్పుకో. ఇష్టమై కాదు. పొద్దున లేచి మార్చుకోవాల్సిన గౌను ఒకటి ఉండాలి కనక. నేను అడిగేది అదొక్కటే.

నీ అక్క


యాకూత్స్క్,
ఏప్రిలు

అక్కా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. తర్వాత ముక్కలు ఏరి పెట్టుకున్నాను. ఇక అతికించే ఓపిక లేదు, అలాగే డబ్బాలో ఉన్నాయి.

నస్తాయా చెప్పింది నిజమే. అందులో నేను కలపాల్సింది ఏమీ లేదు. రెండోసారి కుట్టేటప్పుడు నాకు సంతోషంగా ఉంది, అదొక్కటే తనకి తెలియదు. తిన్నగా వస్తోంది కదా అని.

పనిలో చేరి పది రోజులు దాటింది. నాటకశాల కోట్ల గది సంగతి నీకు తెలియదు. సాయంత్రం తలుపు తియ్యగానే మంచు పొగతో పాటు జనం వచ్చి పడతారు. ఆడవాళ్ళు బల్లల మీద కూచుని బొచ్చుబూట్లు విప్పి, సంచిలోంచి పల్చటి చెప్పులు తీసి వేసుకుంటారు. పెదవులకి రంగు వేసుకుంటారు. కోటు మన చేతిలో పడేసి పట్టు గౌన్లతో పైకి వెళ్ళిపోతారు. ఒక్కో కోటు ఎంత బరువో, ఇన్నేళ్ళు కుట్టాను కాని ఇలా రెండు చేతుల నిండా మోయలేదు. మొదటి వారమంతా కుడిచేతికి చేతొడుగు ఉంచుకున్నాను. బిళ్ళలు ఎడమచేత్తో ఇచ్చాను. ఆలస్యమైంది, జనం సణిగారు. లోపల ఇంత వెచ్చగా ఉంటే చేతొడుగు ఎందుకమ్మా అని ఒకాయన అడిగాడు. చలి అన్నాను. నాతో పాటు పనిచేసే ముసలావిడ అంతా విని తర్వాతి కోటు అందుకుంది. ఆవిడ ఏమీ అడగదు. అదీ ఒకరకంగా కష్టంగానే ఉంది.

మొన్న శనివారం ఒక కోటు వచ్చింది. వేసుకొచ్చినావిడ నాకు తెలియదు. కోటు నాకు తెలుసు. మూడు చలికాలాల కింద నేనే కత్తిరించి నేనే కుట్టింది, లోపల కాఫీరంగు సాటిను. మెడ దగ్గర తగిలించే ఉచ్చు తెగిపోయి వేలాడుతోంది. ఉచ్చు లేకపోతే కొక్కేనికి తగిలించడం కుదరదు, కింద పడి నలిగిపోతుంది. ఇక్కడ ఆనవాయితీ ఏమిటంటే, అలాంటివి నాటకం జరుగుతుండగా కోట్ల గదివాళ్ళే కుట్టేస్తారు, అడగక్కర్లేదు. అందుకే బల్ల సొరుగులో సూది, దారం, చిన్న కత్తెర ఉంటాయి. ముసలావిడే ఎప్పుడూ కుడుతుంది. ఆ రోజు ఆవిడ టీకి వెళ్ళింది.

కోటు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. పైన నాటకం మొదలైంది, జనం నవ్వుతున్నారు. ముసలావిడ వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. నేను కుట్టిన కోటు అలా చిరిగి ఉండటం చూడలేను, అది నా జబ్బు.

చేతొడుగు తీశాను. దారం పళ్ళతో పట్టుకుని ఎడమచేత్తో సూదిలోకి ఎక్కించాను, చాలా సేపు పట్టింది. కుడిచేతిలో మిగిలిన రెండు వేళ్ళూ, అరచెయ్యీ వేసి గుడ్డని నొక్కిపెట్టాను. కుట్టాను. చెమట పట్టింది. సూది ఎక్కడ గుచ్చాలనుకుంటే అక్కడికి వెళ్ళడంలేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పక్కకి. చిన్నప్పుడు నువ్వు వేసినవి ఇంతకంటే నయం, ఒప్పుకుంటున్నాను.

ముడి వేసి చూశాను. కాఫీరంగు సాటిను మీద నా పాత కుట్లు ఒక పక్క, ఇవి ఒక పక్క. ఏడుపొచ్చింది, కోట్ల మధ్యలోకి వెళ్ళి ఏడ్చాను. బొచ్చులో మొహం పెడితే ఎవరికీ వినపడదు. అదీ కనుక్కున్నాను ఈ పనిలో.

నాటకం అయిపోయింది. ఆ కోటావిడ వచ్చింది, బిళ్ళ ఇచ్చింది. కోటు ఇచ్చాను. చేతొడుగు వేసుకోవడం మర్చిపోయాను, నిజంగా మర్చిపోయాను. ఆవిడ ఉచ్చు చూసి, ఎవరు కుట్టారు దీన్ని, ఇంత వంకరగా, అంది. వరసలో వెనక చాలామంది ఉన్నారు. నేను చెయ్యి బల్ల మీద పెట్టాను.

"నేనే కుట్టానండి."

ఆవిడ చెయ్యి చూసింది. ఉచ్చు పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఊడలేదు. కోటు వేసుకుని వెళ్ళిపోయింది. వెనకాయన బిళ్ళ చాపాడు, నేను తీసుకున్నాను, ఆ చేత్తోనే. ఆయన చూశాడు, మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాతావిడ కూడా. అలా చివరిదాకా ఇచ్చాను. ప్రతి ఒక్కరూ చూశారక్కా. నువ్వనుకుంటున్నట్టు అది తేలికేమీ కాలేదు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. నిన్న కూడా పనికి వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి ఒకసారి వెనక్కి తిరిగాను. వెళ్ళాను.

ఆ కోటావిడ రాకముందు, ముడి వేశాక, కోటు ఇంకా నా ఒళ్ళో ఉన్నప్పుడు, కత్తెర పక్కనే ఉంది. ఎవరూ లేరు. నాటకం సగమే అయింది, బోలెడంత టైముంది. కత్తెర ఎడమచేతిలోకి తీసుకున్నాను. మొన దారం కిందికి దూర్చాను కూడా.

విప్పలేదు.

ఉలియా